కోరుట్ల ఎండకు దుబాయి పాత ఇండ్లు



జగిత్యాల ఇంటి నమూనాకు గాలి గోపురం గీసినవని మీ బాపు చెప్పిండు. సంతోషం. అది ఎట్ల పనిచేస్తదో కూడా తెలుసుకో.

దుబాయిలో అల్ ఫహీదీ అని పాత వాడ ఉంది. ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చిన వర్తకులు పగడపు రాయి, జిప్సంతో అక్కడ ఇండ్లు కట్టుకున్నరు. ఆ ఇండ్ల మీది గాలి గోపురం లోపల గోడలు కత్తెర వేసినట్టు ఉంటయి. ఏ దిక్కు గాలైనా వాటికి తగిలి కిందికి దిగుతది. గాలి లేనప్పుడు లోపలి వేడి పైకి పోతది. గల్లీలు ఇరుకు, ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడుతది. మన కోరుట్ల, సిరిసిల్ల నుంచి పోయి ఆ ఊర్ల అద్దాల మేడలు కట్టినోళ్లు ఎందరో. కొందరు తిరిగొచ్చి ఇక్కడ పడమటి గోడకు కూడా అద్దాలు పెట్టించుకుంటుంటే నాకు బాధైతది.

అయితే మన మే నెల వేరు. 45 డిగ్రీలు దాటిన వడగాలిని గోపురంతో లోపలికి దించితే ఇల్లు కాగుతది. ఈజిప్టులో హసన్ ఫతీ 1940ల్లో న్యూ గుర్నా ఊరిని మట్టి ఇటుకతో కట్టించిండు. అక్కడి బడిలో గాలి చల్లబడనీకె అది దిగే దారిలో తడి బొగ్గు పెట్టించిండు. మన వట్టివేళ్ల తడకదీ అదే పని. తడపనీకె నీళ్లు లేకుంటే పగలు కిటికీలు మూసి రాత్రి తెరవాలె.

మన భవంతి ఇంటి మట్టి గోడ మందం. పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతది. ఎడారిలో కప్పు చదునుగా ఉన్నా నడుస్తది; ఇక్కడ గూనకప్పు, ముందుకు దిగిన చూరు లేకుంటే వానకు గోడ నానుతది.

ఇప్పుడు చాలామందికి స్లాబే దిక్కు. దానికి తెల్లపూత వేయించు. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాల లోపు ఇండ్లకు తప్పనిసరి కాదు. మన దిక్కు ఇండ్లు చాలావరకు ఆ లోపువే, అందుకే ఇంటాయనను నువ్వే ఒప్పించాలె.

గోపురం వేడిని పైకి పంపే తీరు అసలు పనికొచ్చేది సిరిసిల్ల మరమగ్గాల షెడ్లకు. రేకుల వేడికి మోటార్ల వేడి తోడై మనుషులు ఉడికిపోతున్నరు. కప్పు కొసన వాన పడకుండా మూతపెట్టి, వేడి పోయే తెరపి ఇయ్యి. కింద ఉత్తరాన కిటికీలు పెట్టు. గాలి దారానికి నేరుగా తగిలితే ఏమైతదో మగ్గం నడిపేటోళ్లను అడిగి గియ్యి.

ముందుగాల జగిత్యాల నమూనాలో మెట్లు, సామాను అర్ర పడమటికి జరుపు. పండే అర్ర తూర్పుకు తే. మార్చి పంపితే చూస్త.

నీ పెద్దబాపు