గ్రీన్‌కార్డు వరుసలో పుట్టిన దేశమే లెక్క

కెనడా పౌరసత్వం తెచ్చుకుంటే అమెరికా గ్రీన్‌కార్డు త్వరగా వస్తుందని మనవాళ్లలో కొందరు అనుకుంటారు. ఆ నమ్మకానికి చట్టంలో ఆధారం లేదు. అమెరికా ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టం సెక్షన్ 202 ప్రకారం, దరఖాస్తుదారు ఏ దేశం కోటాలోకి వస్తారో తేల్చేది పుట్టిన చోటే తప్ప పాస్‌పోర్టు కాదు. గుంటూరులో పుట్టినవారు కెనడా పౌరులైనా భారత్ వరుసలోనే ఉంటారు. కువైట్‌లో పుట్టిన తెలుగువారు భారత పౌరులే అయినా కువైట్ కోటాలోకి వస్తారు.

ఈ తేడా ఏళ్ల తరబడి జీవితాన్ని శాసిస్తుంది. 1990 నాటి చట్టం ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులకు ఏటా సుమారు 1,40,000 కోటా పెట్టింది. భార్యాపిల్లలూ అందులోనే లెక్క. సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. భారత్‌కైనా ఐస్‌లాండ్‌కైనా అదే పరిమితి. అందుకే ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత విభాగాల్లో భారత్‌లో పుట్టినవారి నిరీక్షణ పదేళ్లు దాటింది. పరిమితి లేకపోతే ఒకటి రెండు దేశాలే కోటా అంతా తీసుకుంటాయన్నది దాని సమర్థకుల వాదన. వైవిధ్యం మంచి లక్ష్యమే. కానీ ఉద్యోగ కోటా ఎంచుకోవలసింది నైపుణ్యాన్ని. పుట్టుక ఎవరూ ఎంచుకున్నది కాదు. పరిమితి ఎత్తేస్తే మిగతా దేశాలవారి నిరీక్షణ పెరుగుతుందన్న అభ్యంతరం మాత్రం నిజమే. కనుక పరిమితి సడలింపుతోపాటు మొత్తం సంఖ్యా పెరగాలి, కుటుంబ సభ్యులను కోటా లెక్క నుంచి తప్పించాలి. 2019లో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో పరిమితి తొలగింపు బిల్లును ఆమోదించినా అది చట్టం కాలేదు.

చట్టం మారేదాకా, అందులోనే ఉన్న ఊరటలను వాడుకోవాలి. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి గ్రీన్‌కార్డు కోరేటప్పుడు ఆ దేశపు కోటాను ఎంచుకోవచ్చు. పిల్లలకు తల్లి లేదా తండ్రి పుట్టిన దేశపు కోటా వర్తించవచ్చు. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు అక్కరకు రాదు. బిడ్డ పుట్టిన దేశంలో తల్లిదండ్రులెవరూ పుట్టక, అప్పటికి వారికి అక్కడ స్థిరనివాసమూ లేకపోతే, ఆ బిడ్డ వారిలో ఒకరు పుట్టిన దేశపు కోటాను కోరే వీలుంది. భార్యాభర్తలకు, పిల్లలకు ఉన్న ఈ వెసులుబాటు దొడ్డిదారి కాదు, కుటుంబం విడిపోకూడదని చట్టమే రాసిపెట్టినది. కాబట్టి కొత్త పౌరసత్వానికి డబ్బూ కాలమూ వెచ్చించేముందు దంపతులిద్దరి జనన ధ్రువపత్రాలు లాయరు ముందు పెట్టండి. పిల్లలకు 21 ఏళ్లు దగ్గరపడుతుంటే వారి వయసును చట్టం ఎలా లెక్కిస్తుందో కూడా అప్పుడే అడగండి.