ఆరోగ్య పాఠం: బోటు ఆగిన వేళ ఏటిగట్టు మీద నడక, పరుగు

సెలవులకు ఇంటికి వచ్చినవారు పిల్లలను తీసుకుని దిండి వెళ్ళి హౌస్‌బోటు ఎక్కడం మన కోనసీమలో మామూలైంది. తెల్లవారుజామున రేవులో మెలకువ వస్తుంది. ఎదురుగా వశిష్ట గోదావరి, పక్కన ఏటిగట్టు, గట్టు దిగువన కొబ్బరితోటలు. అలాంటి చోట ఎవరికైనా కాసేపు నడవాలనిపిస్తుంది, ఉత్సాహం ఉన్నవారికి పరుగెత్తాలనిపిస్తుంది. అది మంచి ఆలోచనే, కాదనము. బోటు బయలుదేరేలోగా ఆ పని క్షేమంగా ఎలా చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ముందుగా ఒక సంగతి చెబుతాము. గల్ఫులో పనిచేస్తూ నెల సెలవుపై వచ్చిన ఒకాయనకు దాదాపు యాభై ఏళ్ళు. కొన్నేళ్ళుగా షుగరుకు బిళ్ళలు వాడుతున్నారు. ఉదయం లేవగానే అలవాటు ప్రకారం తిండికి ముందు వేసుకునే బిళ్ళ వేసుకున్నారు. టిఫిను బోటు కదిలిన తరువాత పెడతామన్నారు. బోటు ఎనిమిదింటికి కదులుతుంది. ఆయన ఆరున్నరకు గట్టు ఎక్కి శివకోడు వైపు నడక సాగించారు, మధ్యమధ్య పరుగెత్తారు. గాలి బాగుంది, ఒంట్లో హుషారుగా ఉంది, గడియారం చూడలేదు. చూసేసరికి ఏడు ఇరవై దాటింది. బోటు వెళ్ళిపోతుందేమోనన్న కంగారుతో వెనుకకు తిరిగి ఒకటే పరుగు. కాసేపటికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చల్లని చెమట పట్టింది, కళ్ళు మసకబారాయి. ఎండ దెబ్బ అనుకుని తూము గట్టు మీద కూలబడ్డారు.

దగ్గరలో టీ కాచే ఆవిడ చూసి, "ఏమైంది బాబూ? పొద్దున్నే ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. లేదని తల ఊపగానే గ్లాసులో నాలుగు చెంచాల పంచదార వేసి కలిపి తాగించింది. పావుగంటలో ఆయన తేరుకున్నారు. ఆవిడ అత్తగారికి కూడా షుగరు ఉందట, అందుకే వెంటనే పోల్చుకోగలిగింది. అందరికీ అలాంటి మనిషి ఎదురుపడుతుందని అనుకోలేము కదా!

అసలు జరిగింది ఏమిటి? గ్లిమిపెరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ ఇంజెక్షను మనము తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి. పరుగెత్తేటప్పుడు కండరాలు కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిస్తే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోవచ్చును. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా అరుదు. కనుక మీరు వాడే బిళ్ళ పేరు మీకు తెలిసి ఉండాలి. "తెల్ల బిళ్ళ, చిన్నది" అంటే సరిపోదు.

అలాంటి మందు వాడేవారు గట్టు ఎక్కేముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తినాలి. ప్రయాణం రోజున మందు వేళ ఎలా మార్చుకోవాలో ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. మీ అంతట మీరు మానవద్దు. జేబులో గ్లూకోజు పొట్లం గానీ మూడు నాలుగు చెంచాల పంచదార గానీ ఉంచుకోండి. వణుకు మొదలవగానే కూర్చుని అది తినండి. పదిహేను నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ తినండి. చాక్లెట్టు ఇందుకు పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఇక రెండవ పొరపాటు వేళకు సంబంధించినది. మాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే షుగరు లేనివారు కూడా ఇక్కడే చిక్కుకుంటారు. కొత్త చోట దూరం కొలిచి పరుగెత్తవద్దు, కాలం కొలిచి పరుగెత్తండి. బోటు కదలడానికి గంటన్నర ఉన్నదనుకోండి. చివరి అరగంట మీది కాదు, అది బోటుది. మిగిలిన అరవై నిమిషాలలో వెళ్ళడానికి ఇరవై అయిదు, రావడానికి ముప్పై అయిదు పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు ఒళ్ళు తాజాగా ఉంటుంది, గాలి వీపున ఉంటే తెలియకుండానే దూరం పోతాము. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, ఎండ పైకెక్కి ఉంటుంది. అలసిన గుండెను కంగారుతో తరమడం కంటే చెడ్డ వ్యాయామం లేదు. వెనుదిరగవలసిన వేళకు సెల్‌ఫోనులో అలారం పెట్టుకోండి. సరంగుకు ఎటు వెళుతున్నారో చెప్పి వెళ్ళండి.

పెద్ద ఓడ ఎక్కేవారికి ఈ లెక్క ఇంకా అవసరం. 2022 జూన్‌లో విశాఖపట్నానికి ఎంప్రెస్ అనే విహార ఓడ వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడి పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ దిగినవారికి కోస్టల్ బ్యాటరీ నుంచి కాళీమాత గుడి మీదుగా కురుసుర జలాంతర్గామి మ్యూజియం వరకు బీచి రోడ్డు చక్కని నడక. కానీ పోర్టు గేటు, తనిఖీలు, ఆటో ప్రయాణం కూడా లెక్కలో వేసుకోవాలి. అక్కడ చివరి అరగంట బదులు గంటకు పైగా విడిచిపెట్టడం మంచిది. ఇసుకలో కాక కాలిబాట మీదే పరుగెత్తండి, వాలుగా ఉన్న తడి ఇసుక చీలమండలకు చేటు. చెమట పట్టిందని సముద్రంలో దిగవద్దు. ఆర్.కె. బీచిలో అలలు మనుషులను లోపలికి లాగుతాయి.

సంవత్సరమంతా కుర్చీలో కూర్చున్నవారు ఆ ఒక్క ఉదయం పరుగువీరులు కానక్కరలేదు. మొదటి పది నిమిషాలు నడవండి. ఓడ మీద ఒకటి రెండు రోజులు ఉన్నవారికి నేల కూడా ఊగుతున్నట్లు ఉంటుంది, అది సర్దుకోనివ్వండి. తరువాత నిమిషానికి సుమారు వంద అడుగుల చొప్పున నడిస్తే అదే మంచి వ్యాయామం. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాటే రాకపోతే వేగం తగ్గించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం కనిపిస్తే అక్కడే ఆగి 108ని పిలవండి. "బోటు దగ్గరకు వెళ్ళి చూసుకుందాం" అనుకోవద్దు. బోటు పోతే పోనీయండి.

మన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుచేత హైదరాబాదులో అయిదు కిలోమీటర్లు పరుగెత్తేవారు ఇక్కడ మూడుతో సరిపెట్టుకోవడం మేలు. తిరిగి రాగానే బొండాం కొట్టించుకోవడం మన ఆనవాయితీ. బొండాం నీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బాగా చెమట పట్టినవారికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గానీ ఓ.ఆర్.ఎస్. గానీ నయం. కోనసీమవాళ్ళము ఈ మాట చెప్పడం కాస్త కష్టమే, అయినా నిజం నిజమే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా బొండాం నీళ్ళు తాగరాదు.

గట్టు మీద మోటారు సైకిళ్ళు వస్తూ ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన నడవండి. చీకటి విడవకముందు వెళ్ళవద్దు, గడ్డిలో రక్తపింజర ఉండవచ్చును. వరదల రోజులలో గట్టు నడకకు కాదు. ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల నీటిమట్టానికి ఇస్తారు. 1986 ఆగస్టులో వరద 35 లక్షల క్యూసెక్కులు దాటి గట్లు తెగిన సంగతి పెద్దలకు గుర్తు. నీరు పెరిగితే మనుషులతోపాటు పాములూ గట్టెక్కుతాయి.

షుగరు ఉన్నవారికి చివరిగా పాదాల మాట. ఇసుక మెత్తగా ఉందని చెప్పులు విడిచి నడవవద్దు, గవ్వ గుచ్చుకున్నా తిమ్మిరి పాదానికి తెలియదు. బోటు ఎక్కగానే బూట్లు తీసి, అరికాళ్ళు, వేళ్ళ సందులు కడిగి తుడిచి చూసుకోండి. మీకు కనబడకపోతే ఇంట్లోవారిని చూడమనండి. చిన్న బొబ్బ కనిపిస్తే చిదమకుండా శుభ్రమైన గుడ్డ కట్టి, ఇంటికి చేరిన రోజే చూపించుకోండి.