ఊపు లేకుండా ఎత్తి చూడండి

జిమ్ అంటే నాకు చెమట కన్నా ముందు అద్దాలు గుర్తొస్తాయి. మన పొట్టని మనకే నాలుగు వైపుల నుంచీ చూపించే చోటికి, ఎదురు డబ్బిచ్చి మరీ వెళ్ళడమేమిటని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. మా పిన్ని కూతురు వదిలే రకం కాదు కదా! "అక్కా, పరుగుల్లేవు, గెంతుల్లేవు. నిదానంగా బరువులెత్తడమే" అంది. ఆ 'నిదానంగా' అన్న మాటకే పడిపోయాను. నెమ్మదిగా చేసేది సులువుగా ఉంటుందనే కదా ఎవరైనా అనుకునేది!

అక్కడేం చేయించారో చెబుతా వినండి. లెగ్ ప్రెస్ మీద కూర్చోబెట్టారు. పాదాలతో ఎదురుగా ఉన్న పలకని 10 సెకన్ల పాటు తోస్తూ వెళ్ళాలి, మళ్ళీ 10 సెకన్ల పాటు వెనక్కి రానివ్వాలి. మధ్యలో ఆగకూడదు. మోకాళ్ళు బిర్రుగా చాపేసి కాస్త అలుపు తీర్చుకుందామన్నా ఒప్పుకోరు. బరువేమో చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. మొదటిసారి బాగానే ఉంది. రెండోసారికి మాటలాగిపోయాయి. మూడోసారికి తొడలు గడగడా వణకడం మొదలెట్టాయి. పక్కనే ట్రైనర్ పిల్ల గడియారం చూస్తూ "ఆంటీ, ఇంకా ఆరే" అంటుంది. సెకను అంత పొడుగుంటుందని ఏ బళ్ళోనూ చెప్పలేదు!

ఆలోచిస్తే కారణం తెలిసింది. మామూలుగా బరువు ఎత్తేటప్పుడు సగం పని ఊపే చేసేస్తుంది. నడుము విసురుతాం, భుజం ఎగరేస్తాం, డంబెల్ దానంతటదే పైకి పోతుంది. నిదానంగా ఎత్తితే ఆ ఊపు పోతుంది, భారమంతా కండ మీదే పడుతుంది. దించేటప్పుడూ అంతే. నిండు బిందెని దభీమని దించేస్తే చేతికి పనేముంది? చుక్క తొణక్కుండా గట్టు మీద పెట్టాలంటేనే కదా తెలిసొస్తుంది!

ఈ పద్ధతి కండలు తిరిగిన కుర్రాళ్ళ కోసం పుట్టలేదట, అది నాకు భలే నచ్చింది. 1982లో అమెరికాలోని ఫ్లోరిడాలో, నాటిలస్ అనే వ్యాయామ యంత్రాల కంపెనీ డబ్బుతో ఎముకల బోలుతనం మీద పరిశోధన చేశారు. అందులో పెద్దవయసు ఆడవాళ్ళకి కసరత్తు చేయించాల్సి వచ్చింది. బలహీనమైన ఒళ్ళు, కుదుపు తగిలితే ప్రమాదం. అక్కడ పనిచేస్తున్న కెన్ హచిన్స్ అనే ఆయన బాగా నెమ్మదిగా ఎత్తించి, దింపించి చూశాడు. అదే 'సూపర్ స్లో' అయింది.

అలాగని వేగం చెడ్డదని కాదమ్మా. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిందంటే, అదంతా మెరుపు వేగంతోనే. ఆ ఆటకి వేగమే ప్రాణం. ఆవిడ దారి ఆవిడది, మోకాలి చిప్పలు చూసుకుంటూ బతికే మన దారి మనది.

ఇంకో మాట. నిదానంగా చేస్తే వారానికి 20 నిమిషాలు చాలంటూ ఊరించేవాళ్ళున్నారు. నేను నమ్మను. 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చిందేమిటంటే, ఒక్కోసారి ఎత్తి దించడానికి అర సెకను నుంచి 8 సెకన్ల దాకా ఎంత పట్టినా కండ పెరగడంలో పెద్ద తేడా లేదు. 10 సెకన్లు దాటితే లాభం తగ్గేలా ఉంది. అందుకే నేను ఎత్తడానికి నాలుగు, దించడానికి నాలుగు దగ్గర ఆగుతున్నాను. ట్రైనర్ పిల్ల మూతి ముడుచుకున్నా సరే. నడకా మానలేదు. వారంలో కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పాలని, 150 నిమిషాలైనా చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

30 దాటాక పదేళ్ళకోసారి నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ళ కండ కరిగిపోతుందట. ముట్లుడిగాక ఎముకా పలచబడుతుంది. మనమేమో పొట్ట ఒక్కటే చూసుకుని దిగులు పడతాం!

మరిచిపోకుండా చెప్పాల్సింది ఊపిరి సంగతి. కష్టమనిపించగానే పళ్ళు బిగించి ఊపిరి బిగబట్టేస్తాం. అప్పుడే బీపీ గబుక్కున ఎగబాకుతుంది. నోరు కాస్త తెరిచి, వదులుతూ, పీలుస్తూనే ఉండాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి.

జిమ్ముకెళ్ళే వీలు లేదంటారా? గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, అయిదు లెక్కపెడుతూ కూర్చోండి, అయిదు లెక్కపెడుతూ లేవండి. చివరి జానెడు దూరం వచ్చేసరికి దబ్బున కూలబడిపోతాం చూడండి, కిటుకంతా అక్కడే. ఆ జానెడే ఆపుకుంటూ దిగాలి.

మొన్న ఇంట్లో ఇలాగే తంటాలు పడుతుంటే మా అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశారు. ఆవిడకి డెబ్బై దాటింది, ఇప్పటికీ నేల మీద పీట వేసుకునే భోజనం. "ఏదీ, జరుగు" అని వచ్చి, చేతులు కట్టుకుని, నేను లెక్కపెడుతుంటే తొణక్కుండా బెణక్కుండా కూర్చుని లేచారు. తరవాత నా వంక చూసి, "ఇంతేనా? దీనికా నెలనెలా డబ్బు కడుతున్నావు?" అన్నారు.