పల్లెటింటి పొందిక

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన సామెత. ఈ రెండింటిలో మొదటిదానికి సామాన్య గృహస్థు జీవితకాలపు కూడబెట్టును వెచ్చిస్తాడు. అది చాలక అప్పు చేస్తాడు. ఇంత శ్రమపడి కట్టుకొన్న ఇంట్లో వైశాఖమాసపు రాత్రి కంటికి కునుకు రాక, చాప చంకన పెట్టుకొని డాబా మీదికి ఎక్కవలసి వస్తే అతడు నష్టపోయింది ధనం మాత్రమే కాదు. సిమెంటు పాలు తక్కువై ఇలా జరగలేదు. గోడలు లేవకముందే, నేలమీద ముగ్గు పోసిననాడే ఆ పొరపాటు జరిగిపోయింది. ఇంటి పొందికను ఏ పట్టణపు మేడనుంచో ఎరువు తెచ్చుకొన్నాడు. తన ఊరి పాత ఇళ్ళవైపు ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

కృష్ణా, గోదావరీ తీరగ్రామాలలో నేటికీ అక్కడక్కడ మండువా లోగిళ్ళు నిలిచి ఉన్నాయి. వీథినుంచి వచ్చేవారికి మొదట ఎదురయ్యేది అరుగు. ఎండనపడి వచ్చిన బాటసారి, ధాన్యం ధర మాట్లాడవచ్చిన వర్తకుడు, ప్రొద్దుపోని వృద్ధుడు అక్కడే కూర్చుంటారు. గడప దాటితే సావడి. సావడి దాటితే ఇంటి నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన చతురస్రం. అదే మండువా. నాలుగువైపుల ఇంటికప్పు దానివైపే వాలి ఉంటుంది. వాన కురిసినప్పుడు పెంకులవెంట జారిన నీరు నాలుగు చూరులనుంచి లోపలి పల్లంలోకి దిగి, తూము గుండా పెరటిలోనికి పోతుంది. ఆ సమయంలో ఇంటిల్లిపాదీ తడవకుండానే వానలో కూర్చున్నట్లుంటుంది. మండువా చుట్టూ స్తంభాలమీద నిలిచిన వసారా, దాని వెనుక గదులు, చివర వంటిల్లు, ఆపై పెరడు, నుయ్యి. తెలంగాణలో ఇట్టి ఇంటిని భవంతి అంటారు.

ఈ పొందికలో అందంతోపాటు ఉపాయమూ ఉంది. పగలు వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది. దాని స్థానాన్ని నింపడానికి వీథి గుమ్మంనుంచి, పెరటి గుమ్మంనుంచి గాలి లోనికి వస్తుంది. ఈ రెండు గుమ్మాలను ఎదురెదురుగా నిలపడంలోని రహస్యం ఇదే. రాత్రివేళ కప్పు చల్లబడగా, చల్లని బరువైన గాలి మండువాలోనికి దిగుతుంది. మందమైన మట్టిగోడ మధ్యాహ్నపు వేడిని వెంటనే లోనికి పంపదు. ఆ వేడి లోపలివైపునకు చేరేసరికి ప్రొద్దు గుంకుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు కప్పుకు ఈ ఓర్పు లేదు. పగలంతా త్రాగిన ఎండను అది రాత్రి మంచంమీద పడుకొన్నవారిపై క్రక్కుతుంది.

సీమ మారితే ఇల్లు మారుతుంది. వర్షం తక్కువై, రాయి విస్తారంగా దొరికే రాయలసీమలో రాతిగోడల మిద్దెలు వెలశాయి. దూలాలమీద కట్టెలో బండలో పరచి, పైన చవుడు కప్పితే అదే కప్పు. వెలుతురుకోసం దానిలో విడిచిన రంధ్రమే గవాక్షి. ఉత్తరాంధ్ర సముద్రతీరంలో చుట్టిళ్ళు కనిపిస్తాయి. గుండ్రని గోడకు మూలలు ఉండవు కనుక గాలి దానిని ప్రక్కలనుంచి ఒరసుకొని సాగిపోతుంది. తాటాకు కప్పు చూరు తల వంచి దూరవలసినంత క్రిందికి దిగి ఉంటుంది. అయితే గాలికి చెప్పిన సమాధానం నీటికి చెల్లదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన ముందు పూరిళ్ళేవీ నిలువలేదు. అటువంటి చోట ఎత్తయిన పునాది, గట్టి కప్పు కావలసిందే.

పాత ఇళ్ళను పొగడేటప్పుడు మరొక మాట మరువరాదు. మండువా లోగిలి కలవారి ఇల్లు. ఆ పొలాలలో చెమటోడ్చిన కూలీ గుడిసెలోనే కాపురమున్నాడు. కులాన్నిబట్టి కొందరికి ఆ అరుగే హద్దు, మరికొందరికి అదీ లేదు. ఇక వంటిల్లు చాలాచోట్ల చీకటిగది. ఇల్లాలి కన్నులు, ఊపిరితిత్తులు ఆ పొగకే అంకితమయ్యాయి. మనం గ్రహించవలసింది గాలికి, వెలుతురుకు, నీటికి దారిచూపిన నేర్పునే గాని ఆ అంతరాలను కాదు.

ఆ నేర్పును పేదవాని ఇంటికి చేర్చవచ్చునని నిరూపించినవారిలో లారీ బేకర్ ముఖ్యుడు. 1917లో ఇంగ్లండులో జన్మించిన ఈ వాస్తుశిల్పి భారతదేశానికి వచ్చి స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశాడు. ఆయన విరివిగా వాడిన ఎలుకబోను కట్టుబడిలో ఇటుకలను బల్లపరుపుగా కాక అంచుమీద నిలిపి పేరుస్తారు. గోడ మధ్య ఖాళీ మిగులుతుంది. ఇటుకలలో సుమారు నాలుగోవంతు ఆదా అవుతుంది. ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుతుంది. అలాగే కాంక్రీటు కప్పు అడుగుభాగంలో, బరువు మోయడానికి కాంక్రీటు అంతగా అక్కరలేని చోట, పాత పెంకులను పొదిగించి ఖర్చు తగ్గించాడు.

ఇప్పుడు అయిదు సెంట్ల స్థలంలో ఒక సామాన్య కుటుంబానికి ఇల్లు ఊహిద్దాం. స్థలం వెడల్పు 36 అడుగులు, పొడవు 60 అడుగులు. వీథి పడమట ఉంది. ముందు 6, ప్రక్కల నాలుగేసి, వెనుక 16 అడుగులు విడిచిపెడితే ఇల్లు గోడలతో కలిపి 28 అడుగుల వెడల్పు, 38 అడుగుల పొడవు వస్తుంది. పడమటివైపు 7 అడుగుల వసారా, దాని అంచున అరుగు. సాయంకాలపు ఎండను గోడమీద పడనీయని గొడుగు ఈ వసారాయే. దాని వెనుక సావడి, నైరుతిమూల పెద్దల పడకగది. నడుమ 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవుగల మండువా. దానికి ఒకవైపు భోజనాల చోటు, మరొకవైపు పిల్లలు చదువుకొనే చోటు. తూర్పువైపు, ఈశాన్యాన ఒక గది, ఆగ్నేయాన వంటిల్లు, ఆ రెండింటి మధ్య పెరటి గుమ్మం. వంటిల్లు ఆగ్నేయాన ఉండాలన్న వాస్తు నియమాన్ని నమ్మినా నమ్మకున్నా, ఉదయం వంట చేసేవేళ అక్కడికి సూర్యకాంతి వస్తుందన్నది మాత్రం నిజం. కిటికీతోపాటు పొగగొట్టమూ తప్పక పెట్టాలి.

మండువాకు స్థలం వృథా అని కొందరు వాదిస్తారు. అది తీసుకొనేది 72 చదరపుటడుగులు, అంటే ఇంటిలో దాదాపు పదిహేనవ వంతు. దొంగలు, కోతుల భయముంటే పైన ఇనుపచువ్వల చట్రం బిగించుకోవచ్చు. వేయి చదరపుటడుగుల కప్పుమీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,350 లీటర్ల నీరు వస్తుంది. ఆ నీటిని తూము ద్వారా పెరటిలోని ఇంకుడుగుంతకు మళ్ళించాలి. తూముకు జాలీ లేకపోతే ఆకులు అడ్డుపడి మండువా దోమలకు నిలయమవుతుంది.

ఇంత ఇంటిని ఒకేసారి కట్టలేనివారు ఈశాన్యపు గదిని తరువాతికి వాయిదా వేసుకోవచ్చు. పునాది మాత్రం మొదటే పూర్తిచేయాలి. గోడ ఆగినచోట ఇటుకలను వరుస విడిచి వరుస కొంచెం బయటికి నిలిపి ఉంచితే, అయిదేళ్ళకో పదేళ్ళకో, కూతురి చదువు పూర్తయి నాలుగు డబ్బులు చేతిలో ఆడేనాటికి, కొత్త గోడ పాత గోడలో బిగువుగా కలిసిపోతుంది.