కిరాయి ఇల్లు సీజను రొక్కానికి చిల్లు కారాదు

మిర్యాలగూడ మిల్లర్లకుగాని, బాదేపల్లి యార్డు వర్తకులకుగాని వరుసగా రెండు సీజన్లు కలిసివస్తే మొదట తోచే ఆలోచన ఒక ఇల్లు కొని కిరాయికి ఇవ్వడం. ధాన్యం ధర పడిపోవచ్చు, పల్లికాయ రాబడి తగ్గవచ్చు, ఇల్లు మాత్రం ఎక్కడికీ పోదన్న ధీమా ఇందుకు కారణం. ఈ ధీమాలో నిజం లేకపోలేదు. అయితే గోదాములోని బస్తాలను అవసరపడితే ఒక్క రోజులో అమ్మి రొక్కం చేసుకోవచ్చు. ఇంటికి బేరం కుదిరి డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. అందువల్ల ఇల్లు ఏ డబ్బుతో కొంటున్నదీ చిన్న వర్తకుడు ముందుగా తేల్చుకోవలసి ఉన్నది.

ఉదాహరణకు ఒక లెక్క చూడవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 20 లక్షల రూపాయలకు రెండు పోర్షన్ల ఇల్లు కొన్నారనుకుందాం. చేతి డబ్బు 8 లక్షలు, బ్యాంకు అప్పు 12 లక్షలు. 9 శాతం వడ్డీపై 15 ఏళ్ల గడువుకు నెల వాయిదా 12,171 రూపాయలు. అంటే ఏడాదికి సుమారు 1,46,000. పోర్షనుకు 5,500 చొప్పున నెలకు 11,000, ఏడాదికి 1,32,000 కిరాయి వస్తుంది. పైకి చూస్తే వాయిదాలకు 14 వేలే తక్కువ.

కాని ధాన్యానికి తరుగు తీసినట్లే కిరాయికీ తరుగు తీయాలి. ఒక్కొక్క పోర్షను ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 11,000 పోతుంది. సున్నం, రంగు, మోటారు మరమ్మతులకు 10,000, ఇంటి పన్ను, బీమాకు 5,000 వేసుకుంటే మిగిలేది 1,06,000. ఇది 20 లక్షలపై 5.3 శాతం. మొదటి ఏడాది వాయిదాలలో వడ్డీ భాగమే దాదాపు ఇంత ఉంటుంది. కిరాయి వడ్డీకి సరిపోగా, అసలు కింద జమ అయ్యే 40,000 వ్యాపారంలోంచి తీసి కట్టాలి. ఆ 40 వేలు ఇంట్లోనే నిలుస్తాయి కాబట్టి అది నష్టం కాదు.

అసలు చిక్కు చేతి నుంచి పెట్టిన 8 లక్షలతో ఉన్నది. అవి సీజను పెట్టుబడిలోంచి తీసినవైతే, వానాకాలం ధాన్యం దిగే రోజులలో చేబదులు తేక తప్పదు. నూటికి రూపాయిన్నర వడ్డీపై 8 లక్షలకు నెలకు 12,000, నాలుగు నెలలకు 48,000 అవుతుంది. ఖర్చులు పోను మిగిలిన కిరాయిలో దాదాపు సగం దీనికే చెల్లు. ఇంటి ధర పెరగడం ఆశ మాత్రమే. చేబదులు వడ్డీ మాత్రం తప్పని ఖర్చు. ఒక పూర్తి సీజనుకు కావలసిన రొక్కం, ఆరు నెలల వాయిదాలు విడిగా పెట్టుకున్న తరువాత మిగిలినదే ఇంటికి పెట్టదగిన డబ్బు.

చేతి డబ్బు తగ్గించి అప్పు పెంచితే సరిపోతుందని కొందరి వాదన. 30 లక్షల లోపు గృహ రుణాలకు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నవి. అయితే పై లెక్కలోనే అప్పు 16 లక్షలు చేస్తే నెల వాయిదా 16,228 అవుతుంది. అప్పుడు నెలకు 7,400 దాకా వ్యాపారమే భరించాలి. వర్తకులకు ఉపయోగపడే సదుపాయం మరొకటి ఉన్నది. వ్యక్తులు ఫ్లోటింగ్ వడ్డీపై తీసుకున్న గృహ రుణాన్ని ముందుగా తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయరాదని 2012లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సీజను ముగిసి బాకీలు వసూలైనప్పుడు అసలు కింద కొంత కట్టివేయడం మేలు.

ఇక ఊరి ఎంపిక. దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని తలపెట్టారు. ఇటువంటి చోట నిర్మాణ కాలంలో ఉండే జనం, కేంద్రం నడిచే కాలంలో ఉండరు. నిర్మాణపు రోజుల కిరాయిని 15 ఏళ్ల వాయిదాకు ఆధారం చేసుకోరాదు. జడ్చర్ల వద్ద పోలేపల్లి సెజ్ వంటి చోట ఔషధ కర్మాగారాల కార్మికుల అవసరం ఎక్కువ కాలం నిలిచేది. కాని అక్కడ పెద్ద ఇంటికన్నా చిన్న గదులకే గిరాకీ ఉంటుంది. గదులు తరచు చేతులు మారతాయి కాబట్టి ఖాళీ నెలలు, మరమ్మతులు ఎక్కువ వేసుకోవాలి.

మల్గీ కొనేవారు పన్ను సంగతి చూసుకోవాలి. జి.ఎస్.టి. నమోదు లేని యజమాని వద్ద మల్గీ కిరాయికి తీసుకున్న నమోదిత వర్తకుడు 2024 అక్టోబరు 10 నుంచి 18 శాతం పన్ను తానే కట్టవలసి వచ్చింది. కాంపొజిషన్ వర్తకులకు 2025 జనవరిలో మినహాయింపు లభించింది. పన్ను లేని సరుకు అమ్మేవారికి ఈ సొమ్ము తిరిగి రాదు కాబట్టి కిరాయి బేరంలో దాని ప్రభావం కనపడుతుంది. ఆదాయపు పన్నులో, చెల్లించిన ఇంటి పన్ను పోను కిరాయిలో 30 శాతం, ఆపై అప్పు వడ్డీ మినహాయింపు ఉన్నవి. కొత్త విధానం ఎంచుకున్నవారు ఇంటిపై నష్టాన్ని వ్యాపార లాభంలో తగ్గించుకోవడానికి వీలులేదు.

కిరాయి పత్రం నోటిమాటగా వదలరాదు. దానిని రిజిస్టరు చేయించాలి. అడ్వాన్సు సొమ్ము కిరాయిదారు ఖాళీ చేసేనాడు తిరిగి ఇవ్వవలసినది. దానిని సరుకులో తిప్పక బ్యాంకులో ఉంచడం క్షేమం. కిరాయి ఖాతా దుకాణం ఖాతాలో కలపకుండా వేరుగా రాసుకుంటే, ఏడాది చివర ఇల్లు వర్తకుణ్ణి పోషిస్తున్నదో, వర్తకుడే ఇంటిని పోషిస్తున్నాడో తెలిసిపోతుంది.