లెక్క అడుగుట నేరమా?

ఒక పల్లెనుండి యువకుడొకడు వ్రాసిన ఉత్తరము నా బల్లమీద నున్నది. ఊరిచెరువు పూడికతీతకు వచ్చిన సొమ్మెంత, ఖర్చయినదెంత అని గ్రామసభలో నిలిచి అడిగి, బదులు రాకపోగా ఆ ప్రశ్ననే కరపత్రముగా అచ్చొత్తించి రచ్చబండకడ పంచినందులకు, ఠాణానుండి "ఒకసారి వచ్చిపో" అని ఫోను వచ్చినదట. కరపత్రమునుగూడ జతపరచినాడు: పలుచని పసుపు కాగితము, నాలుగు అచ్చుతప్పులు, అడుగున తన పేరు, ఊరు. పేరు దాచుకొనక అడిగిన ఆ తెగువ నాకు మిక్కిలి నచ్చినది.

నాయనా, నీవు చేసినది నేరము కాదు.

రాజ్యాంగము అమలులోనికి వచ్చి రెండునెలలైనను నిండకమునుపే, 1950 మార్చి 1వ తేదీన, మదరాసు ప్రభుత్వము బొంబాయినుండి వెలువడుచుండిన 'క్రాస్ రోడ్స్' వారపత్రికను తన రాష్ట్రమున అడుగిడనీయరాదని నిషేధించెను. బెజవాడ, గుంటూరు, కడప నాడు ఆ రాష్ట్రములోనివే గనుక ఆ నిషేధము తెలుగు పాఠకునికిని తగిలినది. సంపాదకుడు రమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టు నాశ్రయింపగా, మే 26న పతంజలిశాస్త్రిగారు వ్రాసిన తీర్పు ఆ ఉత్తరువును కొట్టివేయుచు, స్వేచ్ఛగా రాజకీయ చర్చ సాగనిచోట ప్రజాప్రభుత్వమునకు ప్రాణమైన లోకశిక్షణయే అసాధ్యమని తేల్చెను. మరుసటియేడు మొదటి సవరణము ప్రభుత్వమున కెక్కువ ఎడమిచ్చిన మాట నిజమే. కాని వాక్స్వాతంత్ర్యముపై విధించు ఆంక్ష సమంజసమైనదిగా నుండవలెనను నియమమును 19(2)వ అధికరణములో చేర్చినదియు ఆ సవరణమే. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, ప్రభుత్వమును ఎంత కటువుగా విమర్శించినను, హింసకు పురికొల్పనంతవరకు అది రాజద్రోహము కాజాలదనెను. పూడికమట్టి లెక్క అడుగుటలో హింస యెక్కడిది?

అయితే ఒక్క జాగ్రత్త. ఆధారము లేక "ఫలానావాడు సొమ్ము మ్రింగెను" అని పేరుపెట్టి వ్రాసియుండినచో, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనుక్రింద పరువునష్టము కేసు నీ మెడకు చుట్టుకొనును. అధికారి తన విధులను నిర్వర్తించిన తీరునుగూర్చి సద్భావముతో చెప్పిన అభిప్రాయమునకు మాత్రము అదే సెక్షనులో మినహాయింపు కలదు. నీ కరపత్రమునందు ప్రశ్నయే యున్నది, నింద లేదు. మరల మరల చదివి చూచితిని.

ఇక ఠాణా సంగతి. కేసున్నదా, ఉన్నచో ఏ సెక్షను అని వ్రాతమూలకముగా తెలుపుమని వినయముగా కోరుము. నాగరిక సురక్షా సంహిత 35(3)క్రింద నోటీసు ఇచ్చినచో తప్పక హాజరు కమ్ము. నోటీసును పాటించువానిని, అవసరమైన కారణములను కాగితముపై నమోదు చేసినగాని అరెస్టు చేయరాదు. వకీలును పెట్టుకొను స్తోమతు లేనిచో 15100కు ఫోనుచేసి న్యాయసేవాధికార సంస్థవారి నడుగుము.

గ్రామసభలో నీవడిగిన ప్రశ్ననే సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తుగా వ్రాసి పంచాయతీలో ఇచ్చి, ముట్టినట్లు రసీదు పుచ్చుకొనుము. 30 దినములలో బదులు రావలెను. వచ్చినపిమ్మట ఆ లెక్కను రచ్చబండకడ నలుగురు వినునట్లు చదువుము; నాకును ఒక ప్రతి పంపుము.