మంత్రగత్తె వేషం వేసిన పంతులమ్మ

పిల్లలూ! సినిమాలో కథానాయిక ఒక్కతే ఉంటే చాలదు. అత్త, పొరుగింటావిడ, మంత్రగత్తె వంటి పాత్రలు వేసేవారూ కావాలి. అటువంటి నటి మార్గరెట్ హామిల్టన్.

ఆమె 1902లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టారు. మొదట చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పారు. తరువాత హాలీవుడ్ చేరారు. 1939లో విడుదలైన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రంలో ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకొని, నల్లటోపీ పెట్టుకొని, దుష్ట మంత్రగత్తెగా నటించారు.

1938 డిసెంబరులో ఆ చిత్రం తీస్తుండగా మంటలు తగిలి ఆమె ముఖమూ చెయ్యీ కాలాయి. ఆరు వారాలకు తిరిగి పనిలోకి వచ్చారు. కాని నిప్పుతో కూడిన దృశ్యాలలో ఇక నటించనని ఖండితంగా చెప్పారు.

ఆ మంత్రగత్తెను చూసి ఎందరో పిల్లలు జడుసుకొన్నారు. అందుకే 1975లో ఆమె ఒక టెలివిజన్ కార్యక్రమానికి మామూలు దుస్తులలో వచ్చారు. పిల్లలు చూస్తుండగానే మంత్రగత్తె దుస్తులు తొడుక్కొని, ఇదంతా వేషమేనని విడమరచి చెప్పారు. 1985లో ఆమె మరణించారు.

చూశారా! వేషం వేరు, మనిషి వేరు.

ప్రశ్నలు
1. హామిల్టన్ సినిమాలకు ముందు ఏ పని చేశారు?
2. పిల్లల భయాన్ని ఆమె ఎలా పోగొట్టజూశారు?